ఆర్డిత్ కుదిర్చిన ధర

లిగోనియర్, ఇండియానా
ఏప్రిల్ 14, 1996

లవోన్ వదినకి,

మీరు పంపిన అల్లం బిస్కెట్లు చేరాయి. సగం మిగిలాయి. ఫోన్ చేస్తే మీకు వినపడదు, నాకు అరవడం చేతకాదు. అందుకని రాస్తున్నాను.

ట్రెయిలర్ కొనదల్చుకున్నాను. కిందటి అక్టోబరులో మీ చెల్లెలు ఆర్డిత్, నేను చూసి పెట్టుకున్నదే. ఇరవై నాలుగు అడుగుల పొడవు. వెనక పెద్ద కిటికీ, మంచం, పొయ్యి, చిన్న బాత్‌రూము. పికప్పుకి తగిలించుకుని సుపీరియర్ సరస్సు చుట్టూ తిరుగుదామని అనుకున్నాం. ఇప్పుడు నువ్వొక్కడివే ఎందుకని మీరు అడుగుతారు. అడక్కండి.

బేరం నాకు రాదని మీకు తెలుసు. పాత కార్లు, గడ్డి కోసే యంత్రం, ఇంటి పైకప్పు, అన్నీ ఆమే బేరమాడింది. నేను బయట కూర్చుని పేపరు చదివేవాణ్ణి. అక్టోబరులో కూడా అంతే. చాలాసేపటికి ఎర్రబడ్డ ముఖంతో షాపులోంచి వచ్చింది. ఇరవై నాలుగు వేలు అని అద్దానికి అంటించిన కాగితం చూపించి, "ఇరవై ఒకటికి దించాను వెండెల్. మూడు వేలు కక్కించాను" అంది. దారిలో ఆగి ఆపిల్ పై తిన్నాం. వసంతంలో వచ్చి తీసుకుంటామని షాపువాడితో చెయ్యి కలిపి వచ్చానంది. జనవరిలో పోయింది.

నిన్న ఆ షాపుకి వెళ్ళాను. సేల్స్‌మన్ పేరు డెల్మర్ హోస్టెట్లర్. మెన్నోనైట్ క్రైస్తవుడు, నెమ్మదస్తుడు. ఆర్డిత్ గుర్తుంది అతనికి. "పచ్చ స్కార్ఫు ఆవిడే కదండీ? నన్ను కుర్చీలోంచి లేవనిస్తేగా" అన్నాడు. పోయిందని చెప్పాను. టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకుని, ఆ ధర పోయినేటిదని, ఇప్పుడు ఇరవై రెండున్నర అవుతుందని చెప్పాడు. రెండూ ఒకే గొంతుతో.

నాకు ఇరవై ఒకటే కావాలి. తక్కువ అక్కర్లేదు. ఎక్కువ ఇవ్వను. ఆ ధర ఆర్డిత్ కుదిర్చింది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఆస్పత్రిలో నర్సులకి కూడా చెప్పింది. సమాధి దగ్గర పాస్టరు చెప్పిన నాలుగు మాటల్లో అదొకటి. మీరూ విన్నారు.

మీరు ట్రాక్టర్ల షాపులో పనిచేసినవారు. ఏం చెయ్యాలో చెప్పండి.

వెండెల్


బ్రైనర్డ్, మిన్నెసోటా
ఏప్రిల్ 20

వెండెల్‌కి,

ఒక్కడివే ఎందుకని అడగను. వద్దన్నావుగా. కళ్ళజోడు మార్చుకున్నావా అని మాత్రం అడుగుతాను. అంత పొడుగు ఇంటిని వెనకేసుకుని తిరిగేవాడికి ముందూ వెనకా కనబడాలి. మా క్లైడ్ పడవని గరాజులో పెట్టబోయి గరాజు తలుపుని వంటింట్లో పెట్టాడు. అప్పటికి ఆయనకి యాభై నిండలేదు. నీకు అరవై ఎనిమిది.

బేరం సంగతి. సగం జీవితం ట్రాక్టర్ల షాపులో టైపు కొట్టాను కనుక నాకు లోపలి గది సంగతులు తెలుసు. "మేనేజర్ని అడిగొస్తాను" అని సేల్స్‌మన్ లేస్తాడు చూడు, మా షాపులో ఆ మేనేజరుని నేనే. లోపలికొచ్చి నా బల్ల మీద కూర్చునేవాడు. నా డోనట్ తినేవాడు. రెండుసార్లు నిట్టూర్పు సాధన చేసుకుని, నుదురు తుడుచుకుంటూ బయటికెళ్ళేవాడు. "చచ్చీచెడీ ఒప్పించానండీ" అనేవాడు రైతుతో. నేను తలెత్తి చూసేదాన్ని కూడా కాదు.

కనుక వాడు లోపలికెళ్ళాడని గాభరా పడకు. నెలకెంత కట్టగలరు అని అడిగితే జవాబు చెప్పకు. వాళ్ళకి ధర దాచడానికి అదే చోటు. చెప్పిన ధరలో రవాణా, అప్పగించే ముందు చేసే తయారీ, కాగితాల ఖర్చు అన్నీ కలిసే ఉన్నాయా అని మొదటే తేల్చుకో, లేకపోతే చివర్లో ఒక్కొక్కటే పాములా బయటికొస్తాయి. కావాలన్నట్టు ముఖం పెట్టకు. నీ ముఖానికి ఆ భయం లేదులే. నెలాఖరు శనివారం వెళ్ళు, వాళ్ళకి అప్పుడు అంకెలు నింపుకోవాలని ఆత్రం. ఇక అన్నిటికన్నా ముఖ్యం, మాట మధ్యలో లేచి వచ్చెయ్యడం నేర్చుకో.

ఇంకోటి. ఆ ఇరవై ఒకటిని పట్టుకుని వేలాడకు. ఒక్క అంకెకి కట్టుబడ్డవాడు బేరమాడలేడు. పద్దెనిమిది దగ్గర మొదలుపెట్టు. ఎందుకని అడక్కు. అడక్కండి అనే హక్కు నీకొక్కడికే ఉందా?

బిస్కెట్లు తిను. మళ్ళీ పంపుతాను.

లవోన్


లిగోనియర్
మే 5

వదినకి,

నెలాఖరు శనివారం వెళ్ళాను.

ఇరవై ఒకటి అన్నాను. ఇరవై రెండు అన్నాడు. ఇరవై ఒకటి అన్నాను. రవాణా, తయారీ విడిగా అన్నాడు. అన్నీ కలిపి ఇరవై ఒకటి అన్నాను. నెలకెంత అని అడిగాడు. డబ్బు మొత్తం బ్యాంకులో ఉందని చెప్పాను. దిగులుపడ్డాడు.

మేనేజరు నిజంగానే ఉన్నాడు వదినా. అద్దాల గదిలో కూర్చుంటాడు. వీపు మాత్రం కనబడుతుంది. డెల్మర్ వెళ్ళి ఏదో చెప్పాడు. వీపు అడ్డంగా ఊగింది.

ఆ తర్వాత ఎవరం మాట్లాడలేదు. నాకు మాట్లాడ్డానికి ఏమీ లేదు. అతను దాన్ని ఎత్తుగడ అనుకుంటున్నాడు. "మాస్టారూ, మీలాంటి గట్టి పిండాన్ని నేను చూళ్ళేదు" అన్నాడు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పానని తెలిసినప్పటి నుంచి మాస్టారూ అనే పిలుస్తున్నాడు. కాఫీ పోశాడు. ఇంటికి వచ్చేశాను. అప్పటి నుంచి రెండుసార్లు ఫోన్ చేశాడు. ధర అదే చెబుతాడు. మొక్కజొన్న ఎలా ఉందో కూడా చెబుతాడు.

పద్దెనిమిది అనడానికి నోరు రాలేదు. అంటే ఆర్డిత్‌ని పక్కకి తోసి నేను మాట్లాడినట్టుంటుంది. అయినా పద్దెనిమిది ఎందుకు?

వెండెల్


బ్రైనర్డ్
మే 12

వెండెల్‌కి,

పద్దెనిమిది ఊరికే అన్నాను. ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా. ఆ మాట వదిలెయ్.

ఇక్కడ మంచు మొన్నటికి కరిగింది. క్లైడ్ రోజుకోసారి సరస్సు దాకా వెళ్ళి, నీళ్ళు ఉన్నాయని చూసుకుని వస్తున్నాడు.

నేను చెప్పేది విను. జులైలో కొత్త ఏడాది ట్రెయిలర్లు వస్తాయి. అప్పటికి అమ్ముడుపోనివి వాళ్ళకి మెడకి గుదిబండ, బ్యాంకు వడ్డీ రోజూ పెరుగుతుంటుంది. అందాకా ఆగు. ప్రతివారం వెళ్ళకు. కాఫీ కోసమే అయితే నీ ఇంట్లో కాచుకో. వాళ్ళ కాఫీ తాగినకొద్దీ నీ మాట మెత్తబడుతుంది.

కాచుకుంటున్నావా అసలు? ఆర్డిత్ ఉన్నప్పుడు కాఫీ గిన్నె ఎక్కడుంటుందో కూడా నీకు తెలీదు. పొయ్యి పైన ఎడమవైపు అలమరలో చూడు.

లవోన్


లిగోనియర్
జులై 7

వదినకి,

మీరన్నట్టే ఆగాను. కొత్తవి వచ్చాయి. మన ట్రెయిలర్‌ని వెనక కంచె దగ్గరికి జరిపారు. నిన్న వెళ్ళాను.

డెల్మర్ ఎదురొచ్చాడు. మంచి ఉత్సాహంలో ఉన్నాడు. "మాస్టారూ, గెలిచారు మీరు. పద్దెనిమిదిన్నర. అన్నీ కలిపే. పికప్పుకి తగిలించే కొక్కెం కూడా మాదే" అన్నాడు.

నాకు సంతోషం కలగలేదు. అయితే అక్టోబరులో ఇరవై ఒకటి ఏమిటి అని అడిగాను. అతను టోపీ సర్దుకున్నాడు. మళ్ళీ అడిగాను.

"అది అందరికీ ఇచ్చే ధరండీ. ఇరవై నాలుగని అంటించేదే మూడు తగ్గించడానికి. గట్టిగా అడిగినవాళ్ళకి పందొమ్మిది కూడా ఇచ్చాం."

"మా ఆవిడ గట్టిగా అడగలేదా?"

"అడిగారండీ. ఇంకో రెండు దించేవాణ్ణే... కానీ ఇరవై ఒకటి అనగానే ఆవిడ అంత సంబరపడిపోయారు. ఇంక నేనేం చెప్పను?"

అతను అబద్ధం చెప్పేవాడు కాదు. చెప్పి ఉంటే బాగుండేది.

లేచి వచ్చేశాను. లేచి రావడం నేర్చుకోమన్నారు కదా. అది ఎత్తుగడ అనుకుని వెనక నుంచి పద్దెనిమిది అని కేకేశాడు.

మీకు ముందే తెలుసా?

వెండెల్


బ్రైనర్డ్
జులై 13

వెండెల్‌కి,

తెలుసు.

అక్టోబరులో ఆర్డిత్ ఉత్తరం రాసింది. పేజీకి రెండువైపులా ఆ బేరమే. చదవగానే తెలిసిపోయింది. అంటించిన ధరలో నాలుగో వంతు దాకా గుంజొచ్చని ఆ వ్యాపారంలో నేల తుడిచేవాడికి కూడా తెలుసు. రాద్దామని కాగితం తీశాను. "ఇప్పుడే ఎందుకు, దాన్ని నాలుగు రోజులు సంతోషపడనీ. వసంతంలో కొనేముందు చెబుదువుగాని" అన్నాడు క్లైడ్. మంచి మాటే అనిపించింది. వసంతం వచ్చేసరికి చెప్పించుకోవడానికి అది లేదు. నీకు ఎలా చెప్పను? అందుకే పద్దెనిమిది, పద్దెనిమిది అని చిలకలా అన్నాను.

ఇప్పుడు బుద్ధిగా విను. పద్దెనిమిది సరైన ధర. వాళ్ళకీ నాలుగు డబ్బులు మిగులుతాయి, నీకూ గుండెలో ముల్లు ఉండదు. మారుమాట్లాడకుండా సంతకం పెట్టి తెచ్చుకో. దాన్ని లాక్కుంటూ ఇక్కడికి రా. క్లైడ్ చేపలు వేయిస్తాడు.

ఊళ్ళోవాళ్ళు ఎంతకని అడుగుతారని నీ భయం. నాకు తెలుసు. మీ ఊళ్ళో మగాళ్ళకి వాన, ధర తప్ప మూడో మాట లేదు. నువ్వు పద్దెనిమిది అంటే ఆర్డిత్ దించిన మూడు వేలూ నవ్వులాట అయిపోతుందని. అయితే అబద్ధం చెప్పు. ఇరవై ఒకటని చెప్పి పద్దెనిమిది ఇయ్యి. అబద్ధానికి ఖర్చు లేదు.

లవోన్


లిగోనియర్
ఆగస్టు 4

వదినకి,

ట్రెయిలర్ కొన్నాను. బాగుంది. కళ్ళజోడు మార్చుకున్నాను. వానలు లేవు. మొక్కజొన్న ఎండుతోంది.

వెండెల్


బ్రైనర్డ్
ఆగస్టు 9

వెండెల్‌కి,

ఎంతకి?

లవోన్


లిగోనియర్
ఆగస్టు 15

వదినకి,

హైస్కూలు ఆవరణలో వెనక్కి నడపడం నేర్చుకుంటున్నాను. చక్రం ఎడమకి తిప్పితే ట్రెయిలర్ కుడికి పోతుంది. లెక్కల్లో ఇది కొత్త సంగతి కాదు. చేతులకి కొత్త. ఒక చెత్తడబ్బా పోయింది. స్కూలువాళ్ళు ఏమీ అనలేదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో కూడా ఏమీ అనేవాళ్ళు కాదు.

వెనక కిటికీకి కర్టెన్లు ఆర్డిత్ డిసెంబరులోనే కుట్టి ఉంచింది. అల్మారాలో దొరికాయి. కొలత సరిపోయింది.

మంచం రెండువైపుల నుంచీ ఎక్కొచ్చు. నేను ఎడమవైపే పడుకుంటున్నాను.

క్లైడ్‌ని అడిగానని చెప్పండి.

వెండెల్


బ్రైనర్డ్
ఆగస్టు 20

వెండెల్‌కి,

క్లైడ్‌ని అడిగావని చెప్పాను. ఆయనా అడుగుతున్నాడు, ఎంతకి అని.

లవోన్


లిగోనియర్
ఆగస్టు 27

వదినకి,

ఇరవై ఒకటికి.

అబద్ధం చెప్పమన్నారు. రెండు రోజులు అద్దం ముందు ప్రయత్నించాను. పాఠాలు చెప్పినవాణ్ణి, తప్పు జవాబు బోర్డు మీద రాయడం రాదు. ఇరవై ఒకటని చెప్పాలంటే ఇరవై ఒకటి ఇవ్వాలి. వేరే దారి కనబడలేదు.

జులై ఆఖరు శనివారం వెళ్ళాను. తీసుకుంటానని డెల్మర్‌తో చెప్పాను. కాగితాలు ముందుకి లాక్కున్నాడు. పద్దెనిమిది అని రాయబోతుంటే ఆపాను. ఇరవై ఒకటి రాయమన్నాను.

కలం కింద పెట్టాడు. "మాస్టారూ, బేరం ఇటు ఆడతారండీ. అటు కాదు."

తెలుసన్నాను. నన్ను సముదాయించడానికి పద్దెనిమిదిన్నర అన్నాడు. నేను ఇరవై ఒకటి అన్నాను. పందొమ్మిది దాకా వచ్చాడు. అంతకు మించి ఒక్క సెంటు పుచ్చుకోనన్నాడు. పోనీ ఎండకి గుడారం, సైకిళ్ళు కట్టుకునే చట్రం, టీవీ యాంటెన్నా అన్నీ కలిపి ఇరవై ఒకటి చేద్దామన్నాడు. ఆర్డిత్ ధర ఉత్త ట్రెయిలర్‌కి అన్నాను. అదీకాక నాకు సైకిల్ లేదు.

"ఈ పాపం నా చేత చేయించకండి మాస్టారూ. అమ్ముకుని బతికేవాణ్ణే, నిజమే. కానీ ఇలా కాదు."

నేను మాట్లాడకుండా కూర్చున్నాను. చివరికి మేనేజర్ని అడిగొస్తానని లేచాడు. ఈసారి వీపు లేచి నిలబడింది. మేనేజరు బయటికి వచ్చాడు. పేరు లైల్ ప్రూయెట్. అతనికి ముఖం కూడా ఉంది. ఎర్రటి, అలిసిపోయిన ముఖం.

నన్ను పైనుంచి కిందికి చూశాడు. ప్రభుత్వం వాళ్ళు పంపారా అని అడిగాడు. పత్రికవాళ్ళా అని అడిగాడు. పిల్లలున్నారా, రేపు లాయరుని వెంటేసుకుని వస్తారా అని అడిగాడు. లేరన్నాను. ఆ తర్వాత నా పక్కకి వంగి, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు, "పెద్దాయనా, ఇవాళ ఏ వారం?" అన్నాడు.

"శనివారం. నెలలో ఆఖరిది" అన్నాను.

డెల్మర్ అతన్ని పక్కకి తీసుకెళ్ళాడు. నాకు వినపడకూడదని గొంతు తగ్గించాడు. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి. మా వైపు సెప్టెంబరులో మెన్నోనైట్లు పెట్టే వేలం మీకు తెలుసు కదా. ఆకలితో ఉన్న దేశాలకి పంపడానికి దుప్పట్లు, రొట్టెలు, జామ్ సీసాలు వేలం వేస్తారు. ఆర్డిత్ ఏటా వెళ్ళేది. ఒకసారి మిమ్మల్ని కూడా తీసుకెళ్ళింది.

"మా వేలం గుర్తు తెచ్చుకో లైల్. దుప్పటి దాని విలువకి ఆరింతలకి పోతుంది. పోయినేడు నువ్వు ఒక రొట్టెకి ఎనభై డాలర్లు పెట్టావ్. ఇవాళ ఏ వారమని నిన్నెవడైనా అడిగాడా?"

"అది దేవుడి పని."

"ఇది ఆయన భార్య పని."

లైల్ "బిల్లు రాయి" అని తన గదిలోకి వెళ్ళిపోయాడు.

అదనంగా వచ్చింది ఆ వేలానికే పంపుదామని డెల్మర్ అడిగాడు. లైల్ వినలేదు. షాపు ఖాతాలోనే వేసుకున్నాడు. అది నాకు నచ్చింది. దానం అయితే అది ఆర్డిత్ ధర ఎలా అవుతుంది? అమ్మకం అంటే అమ్మకంలా ఉండాలి. ధర పెరిగింది కనుక తన వాటా కూడా పెరిగిందని, ఆ పెరిగింది తనకి వద్దని డెల్మర్ అన్నాడు. లైల్ అదీ వేసుకున్నాడు.

మర్నాడు ఆదివారం, చర్చి అయ్యాక డెల్మర్ మా ఇంటికి వచ్చాడు. కొక్కెం బిగించాడు. బ్రేకుల తీగలు చూశాడు. డబ్బు సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మీకు కోపం వస్తుంది. రానివ్వండి.

వెండెల్


బ్రైనర్డ్
సెప్టెంబరు 9

వెండెల్‌కి,

నీ ఉత్తరం క్లైడ్ గట్టిగా చదివి వినిపించాడు. నాకు చెవుడు ఇంకాస్త ఎక్కువగా ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

వారం రోజులు నీకు రాయకూడదనుకున్నాను. వారం అయింది కనుక రాస్తున్నాను.

మా చెల్లెల్ని మోసం చేశారంటే అది వాళ్ళ బతుకుతెరువు. నువ్వు అదే షాపుకి, కొత్త కళ్ళజోడు కొనుక్కునే ముందు, నడిచి వెళ్ళి, అయ్యా నన్నూ అంతకే మోసం చెయ్యండి అని బతిమాలుకున్నావు. వాళ్ళు చెయ్యం మొర్రో అంటే పట్టుబట్టి చేయించుకున్నావు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషివి! ఆ పిల్లలు ఇప్పుడు బ్యాంకుల్లో ఉన్నారంటే నా డబ్బు పరుపు కింద పెట్టుకుంటాను.

నేను అడిగిన వాటిలో ఒక్కటీ చెయ్యలేదు నువ్వు. లేచి వచ్చావు, తప్పు రోజు లేచి వచ్చావు. మౌనంగా కూర్చున్నావు, తప్పువైపు కూర్చున్నావు. నిన్ను చూసి నాకు మా నాన్న గుర్తొచ్చాడు. పోనివ్వు.

మొన్న పోస్టాఫీసులో బర్నిస్ అడిగింది, మీ మరిది ట్రెయిలర్ కొన్నాడట కదా, ఎంతకి అని. వరసలో ఆరుగురు ఉన్నారు. నేను గట్టిగానే చెప్పాను, ఇరవై ఒకటి, మా చెల్లెలు కుదిర్చింది, మూడు వేలు దించింది అని. వెనకనించి ఎవడో, నాకు కూడా వినపడేంత గట్టిగా, అది కాస్త ఎక్కువేమో అన్నాడు.

వాడితో నేను ఇక మాట్లాడను.

ఎప్పుడు బయల్దేరుతున్నావు?

లవోన్


ఒంటొనాగన్, మిషిగన్
సెప్టెంబరు 28

వదినకి,

సరస్సు దగ్గర ఉన్నాను. చెట్లు రంగు తిరిగాయి. గాలి ఎక్కువ. సోమవారం కదిలితే మంగళవారానికి మీ దగ్గర ఉంటాను. ఈ ఉత్తరం కన్నా నేనే ముందు రావచ్చు.

రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇవాళ మధ్యాహ్నం పక్క స్థలంలోకి విస్కాన్సిన్ నుంచి ఒక జంట వచ్చారు. ఆయన పేరు ఎల్డన్ వాగ్నర్. పాల డెయిరీ ఉండేదట, అమ్మేశాడు. ఆమె పేరు మర్నా. వాళ్ళదీ మన ట్రెయిలరే. అదే కంపెనీ, అదే పొడవు. రంగు గీత మాత్రం వేరు. ఆయన వెనక్కి నడుపుతుంటే నేను నిలబడి చెయ్యి ఊపాను. ఇద్దరం పొరపాటు చేశాం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

దిగి వచ్చాడు. చెయ్యి కలిపాడు. నా ట్రెయిలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన అడగబోయేదానికి నేను సిద్ధంగానే ఉన్నాను.

"ఎంతకిచ్చాడు?" అన్నాడు.

"ఇరవై ఒకటి."

ఆయన ముఖం వాడిపోయింది. తను ఇరవై రెండు పెట్టాడట. రవాణా విడిగా. "మర్నా, ఇటు రా. ఇలా రా నువ్వు. ఈయన ఎంతకి కొన్నాడో విను" అని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విని, భర్త వంక చూసింది. ఆ చూపు మీకు తెలిసే ఉంటుంది. మీ ఇంట్లో ఉన్నదే.

నేను కొనలేదు, మా ఆవిడ బేరమాడింది అన్నాను. ఇరవై నాలుగు నుంచి దించింది అన్నాను.

ఎల్డన్ ఈల వేశాడు. తయారీ ఖర్చు గురించి తమ షాపువాడితో తనకి ఇంకా తగువు నడుస్తోందని చెప్పాడు. "ఆవిణ్ణి ఒక్కసారి బయటికి పిలవండి సార్. వాణ్ణి ఎలా లొంగదీశారో కనుక్కుంటాను. నిద్రపోతున్నారా?"

"లేదు. జనవరిలో పోయింది" అన్నాను.

ఇంతవరకూ ఆ మాట ఆర్డిత్‌ని ఎరిగినవాళ్ళకే చెప్పాను. ఆమెని ఎరగని మనిషికి చెప్పడం ఇదే మొదలు. వాళ్ళకి ఆర్డిత్ అంటే ఇరవై ఒకటి తప్ప ఇంకేమీ తెలియదు. అయినా ఎల్డన్ తన కుర్చీ తెచ్చి నా పక్కన వేసుకున్నాడు. మర్నా లోపలికి వెళ్ళి మాంసం, దుంపలు పెట్టి కాల్చిన పేస్టీలు తెచ్చింది. తిన్నాం. చాలాసేపు సరస్సు చూశాం.

తర్వాత ఎల్డన్ మెల్లగా, "మీరైనా చెప్పండి సార్. ఆవిడ వాడితో ఏమన్నారు?" అని అడిగాడు.

ఏమందో నాకు తెలియదు వదినా. నేను అక్కడ లేను. ఇక్కడ అడగడానికి డెల్మర్ కూడా లేడు.

చెప్పాను. ఆమె కుర్చీ ఎలా లాక్కుందో, హ్యాండ్‌బ్యాగు బల్ల మీద ఎలా పెట్టిందో, ఇరవై మూడు దగ్గర ఎలా నవ్విందో, ఇరవై రెండు దగ్గర ఎలా నవ్వడం మానేసిందో అన్నీ చెప్పాను. నలభై ఏళ్ళు బయట కూర్చున్నా ఆమె లోపల ఏం చేస్తుందో నాకు తెలియకుండా ఎలా పోతుంది? నేను ఒకేసారి అంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో తెలియదు. ఎల్డన్ మధ్యమధ్య తొడ మీద చరుచుకున్నాడు.

ఇరవై ఒకటి దగ్గరికి వచ్చేసరికి మర్నా మాత్రం ఒకసారి ఆపింది. "అలా కాదండీ. ఆ మాట ఆవిడ ఏ గొంతుతో అన్నారో అదే గొంతుతో అనండి" అంది.

అలాగే అన్నాను.

వెండెల్